ఒకటో ఆప్షన్

మామిడి కాలంలో ఒక దినం ఎగ్గొడితే
జ్యూసు ఫ్యాక్టరీలో రెండు దినాల కూలి పోతాది.
ఆ లెక్క తెలిసీ
మా యమ్మ మొగిలమ్మ
పూతలపట్టులో ఆరుంపావు బస్సెక్కింది నాతో,
తోతాపురి జీడికి కాలిన వేళ్ళు
కొంగు కింద దాచుకొని.
సంచిలో టెన్త్ మెమో, ఇంటర్ మెమో,
కులం కాయితం, ఆదాయం కాయితం,
అన్నిటికీ మూడేసి జిరాక్సులు,
అడుగున చిత్రాన్నం.

తిరుపతిలో మొదటి కాలేజీ అద్దాల మేడ.
వాకిట్లో ఫ్లెక్సీ నిండా ర్యాంకుల మొహాలు,
ఒకరి భుజం మీద ఒకరు ఎక్కి నిలబడినట్టు.
నేల మెరుస్తా ఉంటే
మా యమ్మ గుడి అనుకునిందో ఏమో
చెప్పులు బయటే విడిచేసింది.
ఏసీకి సల్లబడిన బండల మీద
కాలివేళ్ళు ముడుచుకొని నిలబడింది.
కౌంటర్లో అమ్మాయి నవ్వింది. మంచి నవ్వే.
"ట్యూషన్ ఫీజు తక్కువే మేడమ్" అనింది.
ఇంకో కాయితం తీసింది:
బిల్డింగు ఫండు, ల్యాబు, యూనిఫారం, బస్సు,
తిరిగి ఇవ్వని డిపాజిట్టు.
తిరిగి ఇవ్వనిదాన్ని డిపాజిట్టు అని ఎందుకంటారో
మా యమ్మ అడగలా.
నేనూ అడగలా.
రీయింబర్స్‌మెంటు వస్తాది కదా అంటే
"వస్తాది. వచ్చేదాకా మీరు కట్టాల."

రెండోదాంట్లో ఫీజు మాకు అందేదే.
బల్ల వెనక సారు తల ఎత్తకుండా
పేరుకంటే ముందు కులం అడిగినాడు.
మెమో చూసి, కులం కాయితం చూసి,
మళ్ళీ మెమో చూసి,
"కెమిస్ట్రీ నీకు కష్టం పాపా, బీఏ తీసుకో."
అరవైకి యాభై ఎనిమిది
ఆయన బొటనవేలు కిందనే ఉండాయి.
బీఏ తప్పేం కాదు,
మా మునిరత్నమక్క చదివింది అదే.
నేను అడిగింది అది కాదు, అంతే.

బస్టాపు సిమెంటు బల్ల మీద
చిత్రాన్నం తింటా మా యమ్మ అనింది:
"చదివేది నువ్వు, కట్టేది నేను.
ఇద్దరికీ ఇరుకు కాకుండా చూడు."
చెనిగ్గింజ ఒకటి రాలితే ఏరుకొని తినింది.

మూడోది సర్కారుది.
గోడకు సున్నం రాలింది.
ఒక ఫ్యానుకు రెక్క వంకర,
తిరిగినప్పుడల్లా ఏదో గొణుగుతాది.
ల్యాబు గడప కాడ
మా యమ్మ అలవాటుగా చెప్పులు విడవబోయింది.
లోపలినుంచి అటెండరు దొరసామి
చేతిలో పరీక్షనాళిక అట్లే పట్టుకొని పరిగెత్తుకొచ్చినాడు:
"ఏసుకో తల్లీ, ఏసుకో!
నేలమీద ఆసిడ్ పడింటాది, కాళ్ళు కాల్తాయి."
స్టూలు జరిపినాడు. వేళ్ళు చూసినాడు.
"జీడేనా?
మా ఇంటామెకూ ఈ నెలంతా ఇంతే.
రేత్రిపూట టెంకాయ నూనె రాయమ్మా."
పొద్దున్నించీ కొంగు కింద ఉన్న చేతులు
అప్పుడు వచ్చినాయి బల్ల మీదికి.

మేడమ్ నా పేరు అడిగింది, మా యమ్మ పేరూ అడిగింది,
రెండూ ఒకే వరసలో రాసుకునింది.
దాచకుండా చెప్పింది:
హాస్టల్లో మంచాలు చాలవు,
సాంబారులో పప్పు వెతుక్కోవాల,
ఫిజిక్సుకు సారు లేడు, వస్తాడంటా ఉండారు.
ఏడాది ఫీజు
మా యమ్మ పన్నెండు దినాల కూలి.
వేళ్ళ మీద లెక్కేసుకునింది,
రెండు సార్లు.

రాత్రి మా ఊరి నెట్ సెంటర్లో
కరెంటు పోయి, వచ్చి, మళ్ళీ పోయి,
ఆఖరికి ఆప్షన్ల పేజీ తెరుచుకునింది.
"నీ మార్కులకు ఇదా అక్కా ఒకటోది?"
పిల్లోడు మౌసు మీద వేలు ఆపినాడు.
బదులు చెప్పేదానికి నాకు
ఒక వాక్యం దొరకలా.
"ఇదే" అన్నా.

సీటొస్తాదో రాదో ఇంకా తెలీదు.
ఇంటికి నడుస్తా ఉంటే
టార్చిలైటు ముందుకు పట్టుకొని మా యమ్మ అడిగింది:
"ఆ ఆసిడ్ కాలేజీనే కదా పెట్టింది?"
"ఊఁ."
కొంచెం దూరం ఏం మాట్లాడలా.
"అయితే నీకు మందంగా ఉండే చెప్పులు కొనాల."