మూడు వందల పన్నెండు

పొట్నూరి నూకరాజు నామినేషన్ వేసిన రోజు
డిపాజిట్టు డబ్బు గోనెసంచిలో తెచ్చాడు.
అన్నీ పది కాయితాలు, అయిదు బిళ్లలు.
గుమస్తా మూడుసార్లు లెక్కపెట్టి
మూడుసార్లూ నిట్టూర్చాడు.
ప్రతిపాదించిన పదిమందిలో ఏడో సంతకం నాది.
ఓటు సంగతి తర్వాత చెబుతాను.

గ్యాసు బండలు మోసే మనిషి.
చిట్టినగర్ సొరంగం దగ్గర లేచే మా కొండ మీద
ఏ మెట్టు విరిగిందో
ఏ మెట్టు మీద మధ్యాహ్నం కుక్క పడుకుంటుందో
అతని మోకాళ్లకు తెలుసు.
గుర్తు నిచ్చెన ఇచ్చారు.
"మనకి లేందే ఇచ్చార్రా" అని పొంగిపోయాడు.

మైకు లేదు, ఆటో లేదు.
ఖాళీ బండని పానాతో కొట్టుకుంటూ ఎక్కేవాడు.
ఖంగు ఖంగుమనగానే తలుపులన్నీ తెరుచుకునేవి.
"గ్యాసు కాదమ్మా, ఓటు."
తిట్టేవాళ్లు తిట్టేవాళ్లు. నవ్వేవాళ్లు మంచినీళ్లిచ్చేవాళ్లు.
"నేను గెలవను. గెలిచినోడు ఇంత దూరం ఎక్కడు.
మీ గడపకి ఎన్ని మెట్లో రాయించండి, చాలు."

నా కూతురి లెక్కల నోటుబుక్కులో
మిగిలిన కాయితాలు అతనికిచ్చాను.
జైబూన్‌బీ, నూట ఎనభై ఎనిమిది.
సామ్రాజ్యం, రెండొందల నలభై ఒకటి;
కాన్పుకి దిగుతూ తొంభయ్యో మెట్టు మీదే కన్నది,
ఆ పిల్లాడిప్పుడు ఆరో క్లాసు.
అన్నిటికంటే పైన దావీదు మాస్టారు,
మూడొందల పన్నెండు.
పక్షవాతం వచ్చి పదకొండు నెలలుగా
కిందికి చూడ్డమే తప్ప దిగింది లేదు.

పోలింగు రోజు మాస్టారిని నూకరాజే వీపున మోశాడు.
బూతులోంచి బయటికొచ్చి మాస్టారన్నారు,
"నీకెయ్యలేదురా. నలభై ఏళ్ల అలవాటు."
"ఎయ్యకపోతే ఎయ్యకపోయారు,
ఎక్కండి, పైకి చేర్చాలిగా" అన్నాడు.

ముందు రాత్రి నా తలుపు కింద కవరు జారింది.
గంట తర్వాత ఇంకో రంగు కవరు.
రెండూ తీసుకున్నాను.
స్కూలు ఫీజు అని చెప్పుకోవచ్చు, చెప్పుకున్నాను కూడా.
తెల్లారి నా వేలు
నిచ్చెనకి మూడు గళ్ల పైనున్న బొత్తాం మీద పడింది.
పడిందంటే పడలేదు. నొక్కాను.

పదకొండొందల నలభై ఆరు ఓట్లు.
నోటాకి మనకంటే నూటయాభై ఎక్కువ.
డిపాజిట్టు పోయింది, గోనెసంచి మిగిలింది.
కౌంటింగు హాలు బయట చీటీ చూసి
"మన బూతులో అరవై ఒకటేనా" అన్నాడు.
నా వైపు చూడలేదు.
చూసుంటే బావుండేది.

టీకొట్టు వీరభద్రం ఆ ఏడాదంతా అడిగాడు,
"ఇంతోటి దానికి దేశం మారుద్దా?"
నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.
జరిగింది మాత్రం చెప్పగలను.

మళ్లీ ఎన్నికలకి పెద్ద పార్టీ ఆయన
మొదటిసారి ఎనభయ్యో మెట్టుదాకా వచ్చాడు.
దండ చెమటకి తడిసి మెడకంటుకుంది.
జైబూన్‌బీ అరుగు మీంచి వంగి చూసి
"ఎన్ని మెట్లెక్కావు నాయనా?" అంది.
ఆయన అనుచరుల వైపు చూశాడు.
అనుచరులు మెట్ల వైపు చూశారు.
రెండో పార్టీవాడు తెలివైనవాడు,
చీటీ మీద రాసుకునొచ్చాడు. తప్పు రాసుకొచ్చాడు.
కొండంతా దిద్దింది.
మొగల్రాజపురం కొండ మీద కూడా
ఇదే అడుగుతున్నారని సామ్రాజ్యం చెల్లెలు చెప్పింది.
అక్కడ మెట్లు వేరే, లెక్క వేరే.

పట్టుకోడానికి ఇనప గొట్టం వేశారు.
గొట్టం నూట నలభై దాకా వచ్చింది.
బిల్లు మూడొందల పన్నెండు దాకా వెళ్లింది.
ఇదివరకైతే మాకు తెలిసేదే కాదు.
ఇప్పుడు సామ్రాజ్యం కొడుకు కూడా
కాంట్రాక్టర్ని బండి ఆపి అడుగుతున్నాడు.

నూకరాజుకి యాభై దాటాయి.
నిన్న మాస్టారింటికి బండ మోస్తుంటే
వెనక రెగ్యులేటరు పట్టుకుని నేను నడిచాను.
ఒక చెయ్యి బండ మీద, ఒక చెయ్యి గొట్టం మీద.
గొట్టం అయిపోయిన చోట ఆగి
భుజం మార్చుకున్నాడు.
"ఎన్నోది?" అన్నాడు, ఊపిరి అందక.
నూట నలభై ఒకటి, అన్నాను.