తీసిన కంప

దేవరకొండ బస్సు నన్ను అడ్డరోడ్డు మీద దించేసి
తన దుమ్ము తను తీసుకుని పోయింది.
చేతిలో ఫోను. ఫోనులో నీలం చుక్క.
చుక్క చుట్టూ ఒట్టి బూడిదరంగు.
అంటే నేనున్నాను, ఊళ్ళే లేవు.

ఈదమ్మ ఎదురైంది.
పదిహేడు మేకలు, ఒక గొడుగు, నడుమున చెక్కిన కొడవలి.
"ఏడికి వోతున్నవ్?"
"ఈ గుట్టల మీదుగా తీగలబండ దాకా. నడుద్దామని."
"పనేమన్న ఉన్నదా?"
"లేదు."
"సుట్టాలున్నరా?"
"లేరు."
"మరి మొక్కా?"
అదీ కాదని చెప్పడానికి సిగ్గేసింది.
మూడింటికీ జవాబు లేని మనిషిని
పద్దెనిమిదో మేకలా తోలుకుపోయింది.

ఎంత దూరమంటే
"ఒక సుట్ట కాలినంత" అంది.
చుట్ట ఎవరిదో చెప్పలేదు.
రెండు గంటలు నడిచాక తెలిసింది, అది ఆమె మామదట.
ఒక్క చుట్టని ఆర్పుకుంటూ ముట్టించుకుంటూ
మూడు రోజులు తాగేవాడట.

బాట అంటే ఇక్కడ గీత కాదు.
ఆముదపు చేలో ఒకరి వెనక ఒకరు పోయిన చోట
మట్టి కాస్త తెల్లబడి ఉంటుంది,
అరిగిన చెప్పు అంచులా.
కందిచేను దాటితే అదీ ఉండదు.
ఇక బండ మీద వెతుక్కోవాలి
గిట్టలు రుద్దీ రుద్దీ మిగిల్చిన నునుపుని.
నాకు కనపడలేదు. కాలికి తెలిసింది, జారినప్పుడు.

నా సంచిలో ఒక పసుపురంగు డబ్బా ఉంది.
పట్నంలో మా నడక సంఘం వాళ్ళు కొనిచ్చారు,
దారి పొడవునా బాణాలు గీసి రమ్మని,
వచ్చే ఆదివారం నలభైమంది తప్పిపోకుండా.

మొదటి చెలకకి తుమ్మకంప అడ్డం.
ఈదమ్మ కొడవలి కొనతో దాన్ని లాగి
మేకల్ని లెక్కబెట్టి దాటించింది,
నన్నూ లెక్కబెట్టి దాటించింది.
మళ్ళీ కంపని ఎట్లున్నదాన్నట్ల జరిపి
పైన ఒక రాయి పెట్టింది.
"మీదేనా ఈ చెలక?"
"ఆల్లకూ మాకూ మాటల్లేవు. ఏడేండ్లాయె."
నాలుగడుగులు వేసి, వెనక్కి పోయి,
రాయిని ఇంకొంచెం సర్ది వచ్చింది.

గుట్ట ఎక్కుతుంటే సీతాఫలాల వాసన.
కండ్లు తెరిచినదాన్ని ఒకటి తెంపి ఇచ్చి
"గింజలు ఈన్నే ఊంచు" అంది,
"మొలిస్తే మొలుస్తయ్."
తంగేడు అప్పుడే పూతకొస్తోంది,
నా డబ్బాలోని రంగుకన్నా మంచి పసుపు.

అవతలి వాలులో తండా.
ఎర్రరంగు పూసిన బోరింగు దగ్గర ఆగాను.
కేస్లీ అనే ఆమె పరుగున వచ్చి చెయ్యి పట్టి ఆపింది.
ఆ నీళ్ళు తాగితే ఎముకలు వంగుతాయట.
నల్లా నీళ్ళు చెంబుతో ఇచ్చి, సంచి వైపు చూసి,
"సర్వే సారువా?" అంది.
కాదన్నాను.
"పని లేకుంట నడిసెటోల్లు ఒకపారి వొచ్చిన్రు.
రాళ్ళకు సున్నం పూసిపోయిన్రు.
ఎనకాల జేసీబీ వొచ్చింది."
చెంబు ఖాళీ అయ్యేదాకా నా మొహమే చూసింది.
పడమట ఒక గుట్ట, సగం కోసిన జున్నుముక్కలా ఉంది.
అటు చూపించలేదు ఆమె. నేనూ అడగలేదు.
డబ్బా మూత తీయనే లేదు.

తీగలబండ కనపడే మిట్టమీద ఈదమ్మ ఆగిపోయింది.
"నా మేకలు ఇంతవరకే."
డబ్బులివ్వబోతే
"ఏం కొన్నవని?" అంది.
మా నలభైమందికి ఏం చెప్పాలో ఆలోచిస్తూ దిగాను.
ఈమెని అడగండి అనా?
ఈమె అడిగితే జవాబు సిద్ధం చేసుకొని రండి అనా?

ఊరి బయట చివరి కంప.
లాగాను. బొటనవేలిలో ముల్లు దిగింది.
దాటి, ఎడమచేత్తో కంపని తిరిగి జరిపి,
రక్తం చప్పరిస్తూ
పెద్ద పని చేసినవాడిలా నడిచిపోతుంటే
వెనక మిట్ట మీంచి, అంత దూరం నుంచి,
కేక:

"రాయి పెట్టు! రాయీ!"