ఏడు సెకన్లు

పదిహేను మీటర్ల ఇనుప పలక.
జానెడు మీద కాస్త వెడల్పు,
నేలకి మూడు వేళ్ళ ఎత్తు.
దాని మీంచి బండి పోవాలి.
ఎవడైనా పోతాడు,
ఒక్క గుంజు గుంజితే మూడు సెకన్లు.
తక్కువలో తక్కువ ఏడు పట్టాలి.
అదీ పరీక్ష.

యొనాగో ఊరి చివర ఈ డ్రైవింగ్ స్కూల్లో
ఇరవై రెండేళ్ళుగా స్టాప్‌వాచ్‌తో నిలబడి
వేగం కోసం వచ్చిన కుర్రాళ్ళకి
పడిపోకుండా ఆలస్యం చెయ్యడం నేర్పుతున్నాను.
వంగని నా ఎడమ మోకాలిని చూస్తారు వాళ్ళు.
అడగరు. నేనూ చెప్పను.

మార్చిలో వచ్చింది కురాహాషి మిత్సుయె.
రేవులో పీతల వేలంపాట దగ్గర తూకం వేసే మనిషి.
యాభై ఎనిమిదేళ్ళు.
దరఖాస్తులో కారణం రాయమన్న గడిలో
'చాలాకాలంగా ఇష్టం' అని రాసి
'చాలాకాలంగా' కొట్టేసింది.

మొదటి రోజు పాఠం, పడిన బండిని లేపడం.
రెండు వందల కిలోలు.
కుర్రాళ్ళు చేతులతో లాగి నడుం పట్టుకుంటారు.
ఆవిడ తుంటిని సీటుకి ఆనించి
మోకాళ్ళతో లేచింది, బండీ లేచింది.
"ఐసు పెట్టెలు ఇంతకన్నా మొండివి" అంది.

పలక మాత్రం లొంగలేదు.
పదకొండు సార్లు ధడేల్మని చక్రం జారింది.
"చక్రాన్ని చూడకండి, అదెక్కడికీ పారిపోదు.
అదిగో, దైసెన్ కొండ. మంచు టోపీని చూడండి.
చూపు పోయిన చోటికే బండి పోతుంది.
ముందు బ్రేకు జోలికి వద్దు.
వెనక బ్రేకు మీద పాదం,
పడుకున్న పిల్లి పక్కన అడుగేసినట్టు.
మోకాళ్ళు ట్యాంకుని కరుచుకోవాలి,
భుజాలు మాత్రం మీవి కానట్టు వదిలెయ్యాలి.
క్లచ్‌లో ఒక చోటుంది,
పట్టూ కాదు, విడుపూ కాదు..."

"పీతని పట్టినట్టేగా" అంది మధ్యలోనే.
"బిగిస్తే కాలు విరిగి దాని ధర పోతుంది.
వదిలితే మన వేలు పోతుంది."
ఇన్నేళ్ళలో నాకు తట్టని మాట.
ఆ సాయంత్రమే ఆరు సెకన్లు దాటింది.

పరీక్ష రోజు సముద్రం మీంచి మబ్బు దిగి
కొండని మొత్తంగా మింగేసింది.
పరీక్షించేది వేరే ఆయన. నేను కంచె బయట.
జేబులో వాచీ నొక్కకూడదు, నొక్కాను.

గడ్డం ఎత్తింది.
కొండ ఉండాల్సిన చోట ఉన్న తెల్లదనం వైపు
కొండనే చూస్తున్నట్టు చూసింది.
హ్యాండిల్ రవ్వంత ఎడమకి, రవ్వంత కుడికి,
తూకం ముల్లు నిలబడబోయే ముందు
ఊగుతుందే, అలా.
ఇంజన్ గొంతు మారలేదు.
నా ఊపిరే మారింది.

ఏడు పాయింట్ నాలుగు.

హెల్మెట్ తీసి, చెమట తుడుచుకుని,
కంచె దగ్గరికొచ్చి నా మోకాలిని చూపించి
ఎవరూ అడగనిది అడిగింది,
అదీ అందరూ అడుగుతారనుకున్నట్టు కాదు.
"ఆ రోజు మీరు దేన్ని చూశారు?"

"రోడ్డు పక్క రెయిలింగు" అన్నాను.
"మలుపులో. ఒక్క రెప్పపాటు.
రోడ్డంతా ఖాళీగానే ఉంది."

తలూపింది. రేవుకి టైమవుతోందని వెళ్ళిపోయింది.
తడి పలక దగ్గర తర్వాతి కుర్రాడు
ఇంజన్‌ని ఊరికే అరిపిస్తున్నాడు,
చూపంతా ముందు చక్రం మీదే.
వెళ్ళి హెల్మెట్ మీద తట్టాను.