ఇరవై మీటర్లు

డెబ్బై తొమ్మిదో ఏట మళ్ళీ వచ్చింది కవరు.
మూడేళ్ళకోసారి, తేదీ చెప్పి మరీ వచ్చే చుట్టం.
నల్లసిరాతోనే నింపాలట.
మూర్ఛలా? లేవు. గుండె? కొట్టుకుంటోంది.
షుగరు? టీలో మాత్రమే.
తర్వాతి గడి దగ్గర కలం ఆగింది:
ఇరవై మీటర్ల దూరం నుంచి
కారు నంబరు పలక చదవగలరా?

అవునని టిక్కు పెడితే అడిగేవాళ్ళు లేరు.
లూయిస్ దీవి పడమటి కొసన
నా వంటింట్లోకి తొంగిచూసేది గాలి ఒక్కటే.
అయినా లేచాను.
గేటు దగ్గర కారు. అక్కణ్ణించి
ఎండబెట్టిన పీటుగడ్డల కుప్పదాకా
అడుగులు లెక్కపెడుతూ నడిచాను.
ఒకప్పుడు ఇరవై ఆరు.
ఇప్పుడు నలభై దాటాయి.
దీవి పెరగలేదు కదా!

వెనక్కి తిరిగి గడగడా చదివేశాను.
చదివాక నవ్వొచ్చింది.
పద్నాలుగేళ్ళ నా కారు, కళ్ళు మూసుకున్నా చెబుతాను.
నా పలక చూసి నేనే కాపీ కొట్టడం.

డొలీనా కారు పిలిపించాను. అదీ నోటికొచ్చు.
టపా వ్యాను, పాస్టరు గారి బూడిదరంగు కారు,
పశువుల డాక్టరు జీపు, అన్నీ కంఠతా.
ఏ రాత్రి ఏ బండి ఎవరింటి ముందు ఆగిందో
ఈ ఊళ్ళో నంబర్లతో సహా తెలుసు.
నా కళ్ళకి పరీక్ష పెట్టాలంటే
కొత్తవాడు రావాలి.

గురువారం ఓడ దిగి వచ్చిందొక అద్దె వ్యాను.
సరిగ్గా మా గేటు ఎదుట, దారి ఇచ్చుకునే చోట ఆగింది.
ఎర్రటోపీ కుర్రాడు గొర్రెల్ని ఫొటో తీస్తున్నాడు.
చేతులకు రొట్టెపిండితోనే పరిగెత్తాను
(పరిగెత్తాననే అనుకున్నాను).
కుప్ప పక్కన నిలబడి
కళ్ళద్దాల మీది ఉప్పుజల్లు తుడిచి చూస్తే,
ఎస్. తర్వాత ఏడో, ఒకటో.
చివరి మూడక్షరాలు
చలికి కోళ్ళలా ఒకదాన్లోకొకటి ముడుచుకున్నాయి.

సముద్రానికి దారెటని అడిగాడు కుర్రాడు.
పదకొండు మైళ్ళూ చెప్పాను.
చర్చి దాటాక ఎడమ వంపు,
విరిగిన పడవ దగ్గర గేరు తగ్గించు,
రెండో వంతెన మీద ఎదర కనపడదు, హారన్ కొట్టు.
ఇరవై రెండేళ్ళు ఊరూరికీ పుస్తకాల వ్యాను తోలిన దారి.
"అబ్బ, ఎంత బాగా గుర్తుందో మీకు!" అని వెళ్ళిపోయాడు.

ఆ మాట నన్ను వదల్లేదు.
రోడ్డుని చూస్తున్నానా,
అప్పజెబుతున్నానా?
తప్పుపోకుండా రోజూ అదే పాఠం.
నిన్న పుట్టిన గొర్రెపిల్ల
పాఠంలో ఉండదు.
బంతి వెనకాల రోడ్డెక్కే ఫియోనా మనవడూ ఉండడు.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి.
ఎదురొచ్చే బండికి స్టీరింగు మీంచి
ఒక వేలెత్తడం ఇక్కడి మర్యాద.
నేను తెలిసినవాళ్ళకే ఎత్తేదాన్ని.
ఈ చలికాలం నుంచీ అందరికీ ఎత్తుతున్నాను.
"వయసొచ్చేకొద్దీ మర్డీనా మెత్తబడింది"
అనుకుంటున్నారట కొట్టు దగ్గర.

కళ్ళ డాక్టరు ముప్పై ఆరు మైళ్ళ అవతల, స్టోర్నవేలో.
కళ్ళు చూపించుకోవాలంటే కారు నడపాలి!
మంగళవారం డొలీనా తీసుకెళ్తానంది.
ఆమె గేరు మార్చే చప్పుడుకి
పక్కసీట్లో పళ్ళు బిగబట్టుకుని కూర్చోవాలి, తప్పదు.

ఫారాన్ని రొట్టె డబ్బా కింద పెట్టాను.
మూలకి పిండి అంటింది.
ఆ ఒక్క గడీ అలాగే ఉంది.
నల్లకలానికి మూత పెట్టేశాను,
సిరా ఆరిపోకుండా.