పాత తేదీ

నిన్నటి తేదీ వెయ్యమంటే వేసేదాన్నే.
వేశాను కూడా, చాలాసార్లు.
బ్యాంకు గడువు దాటిపోయినవాళ్లకి,
కాలేజీ గుమాస్తా తిప్పి పంపిన పిల్లలకి.
ఒక్కరోజే కదా, దేవుడు క్యాలెండరు చూస్తాడా అని
నాకు నేనే సర్దిచెప్పుకున్న మనిషిని.

అతను అడిగింది నిరుడు జూను రెండో తేదీ.

జిల్లా కోర్టు గోడవార నా గొడుగు, నా మిషను.
ఉప్పుగాలికి తుప్పెక్కి
'జ' మీట కొడితే లేవదు, ప్రతిసారీ వేలితో లేపాలి.
అతను పాత స్టాంపు కాయితం మడత విప్పి పరిచాడు.
పైనంతా తెలుపు.
కింద, మూలన, ఊదారంగు వేలిముద్ర.
"కరెంటు మీటరు మార్పిస్తానని వేయించాన్లెండి.
పదకొండు నెలల అద్దె ఒప్పందం కొట్టండి,
గడువు తీరిపోయినట్టు.
మామూలుకి నాలుగింతలిస్తాను."

ఆ ముద్రనే చూస్తూ కూచున్నాను.
మధ్యలో అడ్డంగా సన్నటి గీత,
చేపలు కోసే కత్తికి తెగి మళ్లీ అతుక్కున్నచోట.
ఎవరో ఒకామె తన బొటనవేలిని
నా ముందు పెట్టి వెళ్లిపోయినట్టుంది.

"నేను కొట్టనండి" అన్నాను.
ఎందుకని అడగలేదు.
నా మెళ్లో సిలువకేసి చూసి
"ఓహో, అదా" అన్నాడు, జబ్బు పేరు తెలిసినట్టు.
పక్క గొడుగు కింద సింహాద్రప్పడు
పది నిమిషాల్లో కొట్టిచ్చేశాడు.
ఆ టకటకలన్నీ విన్నాను
చేతులు ఒళ్లో పెట్టుకుని.

కంచరపాలెం బస్సులో నించున్నంతసేపూ
ఎంత ముద్దొచ్చానో నాకు నేను!
ఇంట్లో చెప్పాను. ప్రార్థన కూటంలో చెప్పాను,
తగ్గించుకుంటున్నట్టు కాస్త నటిస్తూ.
"స్తోత్రం" అన్నారంతా.
కరుణమ్మ ఆంటీ ఒక్కతే, టీ గ్లాసులు తీస్తూ,
"మరి ఆ వేలుగల మనిషి ఏమయిందే, కెజియా?" అంది.

తెలీదు.
పేరూ వీధీ రాసిన చీటీ
నా మిషను కిందే మర్చిపోయాడతను.
మూడు రోజులు ఆ చీటీ మీద
మిషను బరువు అలాగే ఉంచాను.

నాలుగోనాడు పాతపోస్టాఫీసు దగ్గర దిగి
వెతుక్కుంటూ వెళ్లేసరికి,
పోర్టు బొగ్గుపొడి పేరుకున్న మెట్ల మీద
ఓ గ్యాసు స్టవ్వు, రెండు బిందెలు, మూతలేని చేపల గంప.
నూకరత్నం.
నేను కొట్టలేదమ్మా అని ముందు అదే చెప్పాలని
దారంతా నేర్చుకుంటూ వచ్చాను.
నోరు తెరిచేలోపు ఆమే అంది:
"ఏటలా సూత్తావు, ఆ కొస పట్టు. బేగి, వానొత్తాది."

పట్టాను.
మంచంకోడు మోచేతికి గీసుకుంది.
జాలారిపేటలో వాళ్ల అక్క గది దాకా
ఆటోలో మూడు ట్రిప్పులు.
కిరాయి నేనే ఇచ్చాను.
ఇదిగో, మళ్లీ లెక్క చెబుతున్నాను.

ఆదివారం మందిరంలో పాస్టరుగారు
"నీ సాక్ష్యం చెప్పమ్మా" అంటే లేవలేదు.
ఆ మాటకి కోర్టులో ఇంకో అర్థం ఉంది.
ముందు అది చెప్పాలి,
కాయితం తెల్లగా ఉండగా చూశానని.
ఉచిత న్యాయసహాయం గదిలో లాయరమ్మ
నా పేరు రాసుకుంది.

సింహాద్రప్పడికి ముగ్గురు ఆడపిల్లలు.
నాతో మాటలు మానేశాడు.
మధ్యాహ్నాలు అతని గొడుగు నీడ
నా మీదా కాస్త పడేది.
నిన్న దాన్ని గజం అవతలికి జరిపాడు.

ఇవాళ ఎండలో కూచుని
నా వాంగ్మూలం నేనే కొట్టుకుంటుంటే
ఎవరో కుర్రాడు, చెమటలు కక్కుతూ,
"ఆంటీ, నిన్నటి తేదీ వేస్తారా?
ఫీజు గడువు నిన్నటితో అయిపోయింది."

వాడి మొహం చూశాను.
మిషను మీద ఇరుక్కున్న 'జ'ని చూశాను.
ఏం చెప్పాలో నాకింకా తేలలేదు.
"ముందు కూచో నాయనా,
ఈ నీళ్లు తాగు" అన్నాను.