ఏటి కబురు

గుణుపురం బ్లాకు ఆఫీసు మేడ మీద
పంకా తిరిగినప్పుడల్లా
జాబితా లేచి కూర్చుంటోంది.
ఇరవై మూడు అంశాలు.
డబ్బు ఐదింటికే ఉంది.

కాలేజీ లాబ్‌లో గాజుసీసాలు కడిగే నన్ను
నీళ్ళు తెలిసినవాడని పిలిచారు.
నిజానికి నాకు తెలిసింది
సీసాలోకి వచ్చాక నీళ్ళు.
వంశధారలో కలిసేలోపు మా గెడ్డ
ఎవరెవరి మురికి మోసుకొస్తుందో
లిట్మస్ కాగితం ఊరిపేరు చెప్పదు.

ఇంజినీరు పాణిగ్రాహి గారు మంచి మనిషి,
ఒడియాలో మొదలెట్టి తెలుగులో ఆగుతారు.
"కొలవగలిగేది కావాలి.
ప్రతి నెలా కొలవగలిగేది.
నాకు బదిలీ అయ్యాక కూడా."
ఆ చివరి మాట దగ్గర
అందరం కాస్త సర్దుకుని కూర్చున్నాం.

ఆక్సిజన్ ఉంచాం.
మీటరు ఖరీదు చూసి తీసేశాం, మళ్ళీ ఉంచాం.
ఆమ్లగుణం, కాగితం చవక, ఉంచాం.
చేపల రకాలు అన్నారెవరో.
బెహరా లోకనాథం నవ్వేడు:
"వల కన్ను సిన్నదైపోనాది బాబూ,
బుట్టలో బరువు అలాగే ఉంటాది.
సేపని కాదు, వల కన్ను కొలండి."
పాణిగ్రాహి గారి పెన్ను ఆగింది.
జాబితాలో వలకి గడి లేదు.

కొండ దిగొచ్చిన సుంబారి గమాంగో
అప్పటిదాకా మాట్లాడలేదు.
టీ తాగేసి, గ్లాసు బోర్లించి,
ఇది రాయి అనుకోండి అంది.
ఎత్తింది.
"దీని కింద మూడు తోకల పురుగుండీది.
నా సిన్నప్పుడు గాలానికి అదే ఎర.
ఇప్పుడు మనవడికి
వానపాము తవ్వి ఇస్తన్నాను."
బల్ల మీద తడి వలయం ఒకటి మిగిలింది.
ఆ పురుగు పేరు నాకు లాటిన్‌లో తెలుసు.
ఆ పేరు పట్టుకుని
ఒక్క రాయీ ఎత్తలేదు ఇన్నేళ్ళలో.

మూడోది పురుగు.
ఏ రాళ్ళు, ఎన్ని రాళ్ళు, ఎవరెత్తాలి?
గంట వాదన.
జీతం లేని పనికి ఆడవాళ్ళే కనబడతారని
అంగన్‌వాడీ పుణ్యవతి గట్టిగానే అంది.
రాయికి ఐదు రూపాయలని రాశాం,
కొట్టేశాం,
ఆమె చూస్తుంటే మళ్ళీ రాశాం.

నాలుగోది వల కన్ను, అంగుళాల్లో.
గడి లేకపోతే గీసుకున్నాం.

ఐదోదానికి
బురద కొలిచే యంత్రం తెప్పిద్దామన్నాను,
సీసాల మనిషిని కదా.
సుంబారి నాకేసి చూసింది.
"బురద ఎప్పుడు లేదు?
తొలకరికి గెడ్డ ఎర్రగానే వస్తాది.
మా అమ్మ కాలంలో మూడో పొద్దుకి తేరుకునీది.
పోయినేడు పదకొండు రోజులు.
పైన కొండకి సెట్టెంతుందో
అదే సెప్తాది."

తేరుకోవడం.
నీళ్ళకీ, జ్వరం పడి లేచిన మనిషికీ
మా భాషలో ఒకటే మాట.
ఒడియాలో ఏమనాలా అని ఆలోచించి
పాణిగ్రాహి గారు తెలుగుమాటనే
ఒడియా అక్షరాల్లో రాసుకున్నారు.
యూనిట్లు: రోజులు.
పరికరం: స్టీలు గ్లాసు, నిండా గెడ్డనీరు,
అడుగున రూపాయి బిళ్ళ.
సింహాలు కనబడేదాకా.

మా వైపు 'ఏటి' అంటే ఏమిటి అని.
ఏరుదీ అదే 'ఏటి'.
తొలకరి పడ్డ మర్నాటి నుంచి
లోకనాథం పొద్దున్నే ఫోను చేసి
"ఏటి కబురు?" అంటాడు.
ఏది అడుగుతున్నాడో
నేను అడగను.
కల్వర్టు కింద, చెప్పులు గట్టున వదిలి,
గ్లాసులోకి తొంగిచూస్తూ ఉంటాను అప్పటికే.

ఆరో రోజు ఏమీ లేదు.
ఏడో రోజు రాత్రి పైన మళ్ళీ వాన, లెక్క మొదటికొచ్చింది.
అలా మొదటికొస్తే ఏం రాయాలో
ఆ రోజు మేడ మీద ఎవరం అనుకోలేదు.

ఇవాళ మళ్ళీ నాలుగు.
అంచు తెలుస్తోంది, గుండ్రంగా.
సింహాలింకా లేవు.