గ్యాంగు

పక్కింటి ఈరమ్మ తాళంకప్ప తెచ్చి
మా అరుగు మీద వెట్టింది.
"మీ నాయిన కీమ్యానంట గద బిడ్డా,
చాబి పోయింది, జర తీయమను."

నాయిన నవ్వలే.
పట్టాను చెక్కకు పట్టి ఉంచే
బొటనవేలంత ఇనుపముక్కకు
చాబి అని పేరువెట్టిన దొర ఎవడో గాని,
"నాకు బిగిచ్చుడే వస్తది ఈరమ్మా
ఇప్పుడు రాదు" అన్నడు.

కీమ్యాన్ కాకముందు పదకొండేండ్లు గ్యాంగ్‌మెన్.
దేవరకద్ర బడిల పోరగాళ్ళు
"మీ నాయినది ఏ గ్యాంగే?" అని
లేని కత్తులు తిప్పేటోళ్ళు.
ఫారంల తండ్రి వృత్తి కాడ
'రైల్వే' అని రాసి ఆపేదాన్ని.
మిగిలిన గీత మీద ఏమీ రాయకపోయేది.

డిగ్రీల ఉన్నప్పుడు
అట్ట ఊడిన డిక్షనరీల దొరికిందా మాట.
వెనకట, శానా వెనకట
గ్యాంగ్ అంటే పోవుడు.
నడక. తొవ్వ.
ఆనక, కలిసి పోయేటోళ్ళు.
ఆనక, కలిసి పని జేసేటోళ్ళు.
దొంగలు ఆఖర్ల వచ్చి కూసున్నరు.

ఉరికొచ్చి చెప్పిన.
నాయిన పగుళ్ళకు ఆముదం రాస్తుండె.
ఆరు కిలోమీటర్లు పోను, ఆరు రాను,
భుజం మీద సుత్తె, చంకల ఎర్రజెండా
ఆ కాళ్ళకు నేను అర్థం చెప్పవోయిన.

"మా నాయిన బొంబాయి గుంపుల వోయిండు,
గుంపంటే గూడ గంతే గద" అన్నడు.
"ఉన్నకాడ ఉంటే ఊరంటరు,
ఎల్లితేనే గుంపు."
కొంచెం సేపు ఆగి,
"మళ్ళొచ్చేదానికి ఏమని రాసిండ్రు, సూడు."

సూసిన. ఆ పేజీల లేదు.

రిటైరైనంక కాయిదాల మీద
ట్రాక్ మెయింటెయినర్ అని వచ్చింది.
బ్యాంకు కౌంటర్ల పిలగాడు
పాత పుస్తకం, కొత్త పుస్తకం పక్కపక్కన వెట్టి
"ఈ మద్దిలేటి, ఆ మద్దిలేటి ఒక్కరేనా?" అన్నడు.
నాయిన వేలిముద్ర ఏస్తే
మిషను మూడుసార్లు కాదన్నది.
సుత్తె గీతలన్నీ తినేసింది మరి.

ఇప్పటికీ తెల్లారుగట్ల
కాచిగూడ ప్యాసింజర్ పోతుంటే
మంచం మీదికెల్లి తల లేపుతడు.
"కౌకుంట్ల దిక్కు ఒకటి వదులైంది"
అని మళ్ళ దుప్పటి కప్పుకుంటడు.

ఈరమ్మ తాళంకప్ప
ఇంకా మా గూట్లనే ఉన్నది.